ఏ రాయైతేనేం?

అమెరికాలో లారీ లైసెన్సు కొత్తగా చేతికొచ్చినవాడికి ఓ వారం రాజయోగం పడుతుంది. లారీ కంపెనీల నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది. స్విఫ్ట్ వాళ్లు, ష్నైడర్ వాళ్లు, వెర్నర్ వాళ్లు, ప్రైమ్ వాళ్లు వరస కడతారు. మాటకు ముందు ‘సార్’, మాటకు వెనక ‘సార్’. కుక్కను వెంట తెచ్చుకోవచ్చంటారు. పెళ్లాన్నీ ఎక్కించుకోవచ్చంటారు, కాకపోతే దానికో ఫారం నింపాలి. చేరితే బోనస్ అంటారు. అది వాయిదాల్లో వస్తుందని, ఆఖరి వాయిదా దాకా నిలబడాలంటే గుండె ధైర్యం కావాలని మాత్రం చెప్పరు.

ఈ మర్యాదకు తబ్బిబ్బై వాడో కాగితం తీసి గళ్లు గీస్తాడు. మైలుకు ఎన్ని సెంట్లు? ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపుతారు? బండి ఏ ఏటి మోడలు? లోపల ఫ్రిజ్ ఉందా? ఆ గళ్లలో స్విఫ్ట్, నైట్, యు.ఎస్. ఎక్స్‌ప్రెస్ అని మూడు పేర్లు రాసుకుని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకునేవాడికి ఓ చిన్న కబురు: నైట్, స్విఫ్ట్ 2017లోనే ఒకటయ్యాయి. 2023లో ఆ జంట యు.ఎస్. ఎక్స్‌ప్రెస్‌నీ కొనేసింది. మూడు వాకిళ్లూ ఒకే ఇంటివి. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అని ఊరుకుందామంటే, రాళ్లకు రంగులేసి రేట్లు చదువుతున్నారాయె!

పోనీ ఆ రేట్లే చూద్దాం. చక్రం తిరిగిన ప్రతి మైలుకూ డబ్బొస్తుందనుకునేవాడు అమాయకుడు. చాలా కంపెనీలు కట్టేది కాగితం మీది మైలుకు. ఇళ్ల సామాను తరలించేవాళ్ల కోసం ఏనాడో తయారైన దూరాల పట్టిక ఒకటుంది. అందులో ఊరికీ ఊరికీ మధ్య దగ్గరి దారే లెక్క. ఆ దారిలో రోడ్డు తవ్వేశారా అని పట్టికకు పట్టదు. చుట్టూ తిరిగి వెళ్లిన మైళ్లు డ్రైవరు చేసిన దానధర్మం కింద జమ.

అసలు దోపిడీ జరిగేది బండి కదలనప్పుడు. ఏదో కిరాణా గోడౌను. తెల్లవారుజామున 4 గంటలకు అపాయింట్‌మెంటు. ఆలస్యమైతే మర్నాటికి తోసేస్తారు గనక డ్రైవరు 3 గంటలకే గేటు దగ్గరుంటాడు. అద్దం వెనక మనిషి తలెత్తకుండా ‘43వ తలుపు’ అంటాడు. ట్రైలర్ని రివర్సులో తెచ్చి తలుపుకు ఆనిస్తే గోడమీద ఎర్రదీపం వెలుగుతుంది. పచ్చది వెలిగేదాకా కదలకూడదు. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి దిగినప్పుడల్లా బండి ఊగుతుంది. కాసేపటికి ఊగడం ఆగుతుంది. పని అయిపోయిందనుకునేరు, లోపలివాళ్లు కాఫీకి వెళ్లారు. మొదటి రెండు గంటల కాపలా ఉచితమన్నది ఈ వ్యాపారంలో రివాజు. ఆ తర్వాత ‘డిటెన్షన్’ పేరుతో ఏదో కొంత రావచ్చు, గోడౌనువాడు కంపెనీకి కడితే, కంపెనీకి గుర్తుంటే. ఇంతలో గడియారం ఊరుకోదు. డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే ఆ రోజుకు నడపగలిగిన 11 గంటలూ నడిపేసుకోవాలన్నది నిబంధన. 2017 డిసెంబరు నుంచి ఆ లెక్క రాసేది ఇంజనుకు తగిలించిన యంత్రం. బతిమాలితే కరగదు.

మైలుకు 60 సెంట్లనుకోండి, గళ్ల కాగితంలో చూస్తే దర్జా అంకె. ఇలాంటి రోజున కదిలింది 300 మైళ్లనుకోండి. మొత్తం 180 డాలర్లు. 14 గంటలకు పంచితే గంటకు 13 డాలర్లు కూడా పడదు. గోడకు అవతల ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉన్నవాడికి గంటల లెక్కన జీతం, వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. ఇవతల బండిలో ఉన్నవాడికి ఆ ఒకటిన్నర రాదు. 1938లో రూజ్‌వెల్ట్ హయాంలో వచ్చిన కార్మిక చట్టమే రాష్ట్రాలు దాటించి సరుకు తోలేవాళ్లను ఓవర్‌టైమ్ నుంచి తప్పించింది. అధ్యక్షులు మారారు, లారీలు మారాయి, ఆ మినహాయింపు మాత్రం చెక్కు చెదరలేదు. కంపెనీలు ఫ్రిజ్ దగ్గర పోటీపడతాయి, కుక్క దగ్గర పోటీపడతాయి. ఆగిన గంట దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని ఐకమత్యం!

కన్సల్టెన్సీ గెస్ట్‌హౌసులో జీతం లేకుండా బెంచి మీద కూర్చుని, పోదామంటే బాండు అడ్డొచ్చిన తెలుగు కుర్రాళ్లకు ఇదేమీ వింతగా తోచదు. ఇక్కడా బాండుంది. ‘ఉచితంగా’ డ్రైవింగ్ నేర్పుతారు, గడువులోపు మానేస్తే ఫీజు కక్కమంటారు.

అన్నిటికన్నా మెరిసే గడి ‘సొంత లారీ’. కంపెనీ బండిని లీజుకిస్తుంది, కిస్తీలు జీతంలోంచి కోసుకుంటుంది. ప్రైమ్‌లో ఒక డ్రైవరు కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శిక్షణ పేరుతో 10,000 మైళ్లు ఊరికే తోలించారనీ, ఆపైన 30,000 మైళ్లు గంటకు 4 డాలర్ల చొప్పున తోలించారనీ, చివరికి ‘నువ్వు ఉద్యోగివి కాదు, వ్యాపారివి’ అని లీజు బండి అంటగడితే కొన్ని వారాలు తనే ఎదురు బాకీ తేలాడనీ అతని ఆరోపణ. నీ కేసు కోర్టులో కాదు, మధ్యవర్తి దగ్గర చెప్పుకో అంది కంపెనీ. కాదు, కోర్టులోనే చెప్పుకోవచ్చని 2019 జనవరిలో న్యాయమూర్తులు 8-0తో తేల్చారు. మరుసటేడు 2.8 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఇలాంటి ‘వ్యాపారుల’ కేసులోనే స్విఫ్ట్ 10 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఈ లీజు పథకాలను నిషేధించండని ప్రభుత్వం వేసిన కమిటీయే 2025 జనవరిలో సిఫారసు చేసింది.

ఇక ‘భద్రతే మా ప్రాణం’ అనే గడి. అన్ని కంపెనీలకూ అందులో నూటికి నూరు. 2009 జనవరి రాత్రి ఇల్లినాయ్‌లో, గడ్డకట్టే చలిలో ట్రాన్సామ్ అనే కంపెనీ డ్రైవరుకు ట్రైలర్ బ్రేకులు బిగుసుకుపోయాయి. క్యాబిన్లో హీటరు పనిచేయలేదు. ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చేదాకా ఆగమన్నారు. గంటలు గడిచాయి, ఒళ్లు మొద్దుబారింది, మాట తడబడింది. ట్రైలర్ని విడదీసి ముందు భాగంతో బయటపడ్డాడు. ఉద్యోగం ఊడింది. 2016లో అప్పీలు కోర్టు అతని పక్షాన నిలిచింది. ఒక్క న్యాయమూర్తి మాత్రం, కంపెనీ చేసింది దయలేని పనేమో గానీ చట్టవిరుద్ధం కాదన్నాడు. ఆయనే నీల్ గోర్సచ్, మరుసటి ఏడు సుప్రీంకోర్టుకెక్కాడు. ప్రైమ్ డ్రైవరుకు అనుకూలంగా తీర్పు రాసింది కూడా ఆయనే. వింత కాకపోతే ఏమిటి!

ఇంత జరిగాక కంపెనీల సంఘం కన్నీరు పెట్టుకుంటుంది: డ్రైవర్ల కొరతట! 2021లో 80 వేలమంది తక్కువన్నారు. పెద్ద కంపెనీల్లో డ్రైవర్లు మానేసే రేటు 90 శాతం దాటిన ఏళ్లున్నాయని చెప్పింది కూడా ఆ సంఘమే. దొరకడంలేదు అనడం వాళ్ల ఇష్టం, నిలవడంలేదు అన్నది వాళ్ల లెక్క.

కాబట్టి బాబూ, ఆ గళ్లన్నీ కొట్టేసి ఒక్కటే గీసుకో. రిక్రూటర్ ఫోన్ చేస్తే, ‘43వ తలుపు దగ్గర బండి ఆగిన మొదటి గంటకు ఎంతిస్తారు?’ అని అడుగు. అవతల కాసేపు కీబోర్డు టకటకలాడుతుంది. ఆ సంగతులన్నీ ఓరియెంటేషన్లో చెబుతారు సార్, ముందు మీరు వచ్చేయండి, బస్సు టిక్కెట్టు మేమే తీస్తాం, అంటారు. తీస్తారు కూడా, వెళ్లడానికి.