ముందు దర్శనం, తర్వాత శాంపిల్

పార్లమెంటు కమిటీలు ఏ విషయం అధ్యయనం చేయాలన్నా దారి తిరుపతి మీదుగానే పోతుంది. రైల్వేలైనా, బ్యాంకులైనా, అధికార భాషైనా సరే. సభ్యులు రేణిగుంటలో విమానం దిగుతారు, బ్రేక్ దర్శనం చేసుకుంటారు, శాలువాలు కప్పించుకుంటారు. మధ్యాహ్నం హోటల్లో సమీక్ష. అందుకే మా ఊరివాళ్ల మనవి ఒకటుంది. ఈసారి క్రీడల్లో డోపింగ్ మీద విచారణ పెట్టుకుంటే అదీ ఇక్కడే పెట్టుకోండి. లడ్డూల సంగతి మేం చూసుకుంటాం.

పారిస్ ఒలింపిక్స్ పతకాల పట్టికలో మనది 71వ స్థానం. డోపింగ్‌లో అంత అవమానం లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) లెక్కల ప్రకారం 2023లో మన శాంపిళ్లు 5,606 పరీక్షిస్తే 213 దొరికాయి. మరుసటేడు 7,113కి 260. ఏటా 5 వేలకు మించి పరీక్షలు చేసే దేశాల్లో మనల్ని మించిన శాతం ఎవరికీ లేదు.

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు గుర్తున్నాయా? స్టేడియం మరుగుదొడ్లో సిరంజిలు బయటపడ్డాయి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) వాళ్లు వస్తున్నారనేసరికి పురుషుల వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడంటే ఒక్కడే మిగిలాడు. ఒంటరిగా పరిగెత్తి ఘనంగా గెలిచాడు. మందు కన్నా పరీక్షే మనవాళ్లకు ఎక్కువ వేగం తెప్పిస్తుందని ఆ రోజు తేలిపోయింది.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2021 డిసెంబరులో బిల్లు వచ్చింది, స్థాయీ సంఘం పరిశీలించింది, ల్యాబులు పెంచమంది, 2022లో చట్టమైంది. ప్రభుత్వ బోర్డుకు నాడా మీద పెత్తనమేమిటని వాడా ముఖం చిట్లిస్తే, 2025 ఆగస్టులో సవరణ తెచ్చారు. ప్రతిపక్షం నినాదాల హోరులోనే లోక్‌సభ ఆమోదించేసింది. మామూలుగా ఏళ్లు పట్టే పని అంత చురుగ్గా సాగిందంటే, ఆ రోజు సభకే శాంపిల్ తీసి ఉండాల్సింది. ఇక వాడా గుర్తింపు ఉన్న ల్యాబు ఢిల్లీలో ఉంది. అది 2019 నుంచి 2021 చివరిదాకా సస్పెన్షన్లో ఉంది. పరీక్షలు పెట్టే అయ్యవారే తప్పాడన్నమాట.

కమిటీ వారు దర్శనం అయ్యాక ఒక తెల్లవారుజామున యూనివర్సిటీ మైదానానికి రావాలి. అక్కడ పరిగెత్తేవాళ్ల కల ఒలింపిక్స్ కాదు. కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1,600 మీటర్ల పరుగు, లేదంటే స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్టు. అక్కణ్నించి మా వీధి జిమ్ముకు రండి. అద్దం పక్కన అరలో నల్లటి డబ్బాలు, వాటి మీద మెడ కనబడని మనిషి బొమ్మ. మూత తీస్తే వెనిల్లా వాసన. ధర స్టిక్కరు గీకితే కింద ఇంకో ధర. లోపలేముందని అడిగితే మాస్టరు నొచ్చుకున్నాడు: "ఏం సార్ మీరు! రెండు నెలల్లో కండ తెప్పీమని ఆ పిల్లోళ్లే వచ్చి కూచుంటే నేనేం జేసేది? పాలు తాగండ్రా అంటే పక్క జిమ్ముకి పోతారు."

నిజమే పాపం. మా దగ్గరి రంగంపేట పశువుల పండగలో ఎద్దు నయం. దాని కొమ్ములకు పలక కడతారే గానీ పౌడరు పోసి కోటా ఉద్యోగానికి పంపరు.

డోప్ పరీక్షలో పిల్లవాడు 90 మిల్లీలీటర్లు నింపేదాకా అధికారి ఎదురుగా నిలబడి కళ్లార్పకుండా చూస్తాడు. రాకపోతే నీళ్లు తాగుతూ గంటల తరబడి కూర్చోవాలి. డబ్బా అమ్మినవాడి ఎదురుగా అలా నిలబడి చూసే ఉద్యోగం ఇంకా సృష్టించలేదు. చట్టం పరిధిలో కోచ్‌లూ డాక్టర్లూ ఉన్నారు గానీ, నిషేధాల జాబితా తెరిస్తే కనబడేవి దాదాపు అన్నీ ఆటగాళ్ల పేర్లే.

అయ్యా గౌరవ సభ్యులారా, నివేదికలో మా కోసం ఒక్క సిఫారసు చేర్చండి. దొరికిన పిల్లవాడి పేరు పక్కనే వాడికి నేర్పిన కోచ్ పేరు, మందు అమ్మిన కొట్టు పేరు, విచారణ జరిపి మరీ అచ్చు వేయాలి. ఆ మాట రాస్తే మీ తదుపరి దర్శనానికి మేమే క్యూలో నిలబడతాం.