అనుబంధ ప్రశ్నల సభ్యుడు

అనుబంధ ప్రశ్నల సభ్యుడికి లేచి నిలబడటంతోనే సగం పని అయిపోయినట్టు. మిగతా సగం "అధ్యక్షా" అనడంతో పూర్తవుతుంది. ఆ తర్వాత అడిగేదీ, దానికి వచ్చే జవాబూ లాంఛనాలు. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 దాకా నడిచే ప్రశ్నోత్తరాల సమయం ఈయన కార్యక్షేత్రం. పార్టీలు మారతాయి, కండువాలు మారతాయి, ప్రతిపక్షం అధికారపక్షమవుతుంది. ఈయన మాత్రం ఏ వరసలో కూర్చున్నా ఒక్కలాగే ఉంటారు. శాసనసభలో నాలుగు రోజులు మెలిగి ఢిల్లీకి వెళ్లిన తెలుగు సభ్యుడైతే ఇంగ్లిషులో మాట్లాడుతున్నా మధ్యమధ్యలో "అధ్యక్షా" జారిపడుతూనే ఉంటుంది.

ఆ గంట వెనుక పెద్ద తంతే ఉంది. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక్కో మంత్రిత్వ శాఖకు వారంలో ఒక రోజు కేటాయిస్తారు. ఆ రోజుకు ఒక సభ్యుడు ఐదు నోటీసులకు మించి ఇవ్వకూడదు. వచ్చిన నోటీసులన్నిటికీ లాటరీ తీస్తారు. అందులో 20 మాత్రమే నక్షత్రం గుర్తు ప్రశ్నలవుతాయి, అంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సినవి. మరో 230 దాకా నక్షత్రం లేని ప్రశ్నలు, వాటికి రాతపూర్వక జవాబు చాలు. నక్షత్రం ఉన్న జాబితాను ఆకుపచ్చ కాగితం మీద, లేనిదాన్ని తెల్లకాగితం మీద అచ్చువేయడం ఆనవాయితీ.

ఆకుపచ్చ జాబితాలో పేరు వచ్చిందనగానే సంబరపడటానికి లేదు. గంటలో సాధారణంగా నాలుగైదు ప్రశ్నలకు మించి సాగవు. అందుకని వరస సంఖ్యే ప్రాణం. మూడో నంబరు వచ్చిన రోజు ఈయన ముందు రాత్రే జిల్లాకు ఫోన్లు చేస్తారు: "రేపు మనది మూడో నంబరు, టీవీ పెట్టుకోండి." పదిహేడో నంబరు వచ్చిన రోజు ఫోన్లుండవు. ఆ ప్రశ్నకు జవాబు సభ ముందు ఉంచినట్టుగా భావించి రికార్డుల్లోకి ఎక్కిస్తారు. ఈయన దృష్టిలో అది ప్రశ్న పుట్టకముందే కన్నుమూసిన కేసు.

ప్రశ్న రాసేది ఈయన కాదు, పీఏ. రాయడం చిన్న పనేమీ కాదు. లోక్‌సభ నియమావళిలోని 41వ నియమం ప్రకారం ప్రశ్నలో వాదన ఉండకూడదు, అనుమానం ఉండకూడదు, వ్యంగ్యం, నింద, విశేషణాలు ఉండకూడదు. ఊహాజనితమైన సంగతి అడగకూడదు. అభిప్రాయం అడగకూడదు. మామూలు పుస్తకాల్లో దొరికే సమాచారం అడగకూడదు. ఒకసారి జవాబు వచ్చిన ప్రశ్నను మళ్లీ అడగకూడదు. సాధారణంగా 150 పదాలు మించకూడదు. ఒక రాజకీయ నాయకుడి దగ్గర్నుంచి వాదన, వ్యంగ్యం, నింద, విశేషణాలు తీసేస్తే మిగిలేది ఎంత? పీఏ దాన్నే మూడు ముక్కలు చేస్తాడు: (అ) ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, (ఆ) వస్తే, వివరాలేమిటి, (ఇ) రాకపోతే, కారణాలేమిటి. తన దృష్టికి రాని విషయం ఎందుకు రాలేదో ప్రభుత్వం చెప్పాలన్నమాట. ఈ మూడో ముక్కలోని తర్కం మీద ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు.

లిఖిత ప్రశ్నలోంచి నియమాలు పిండేసిన రసమంతా అనుబంధ ప్రశ్నలోకి తిరిగి వచ్చి చేరుతుంది. ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు అడిగే అవకాశం ఉంటుంది. తర్వాత స్పీకర్ పిలిస్తే మిగతా వాళ్లు ఒక్కొక్కటి అడుగుతారు. రైల్వేల వంతు వచ్చిన రోజు ఒక దృశ్యం ఇలా సాగుతుంది. మంత్రి లేచి "జవాబును సభ ముందు ఉంచాను" అని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంటారు. సభ్యుడు లేస్తారు. అవకాశం ఇచ్చినందుకు అధ్యక్షులవారికి కృతజ్ఞతలు. ఓపికగా వింటున్న మంత్రిగారికి అభినందనలు. తమ నియోజకవర్గం చారిత్రకమైనది, శాతవాహనుల కాలం నుంచీ... "ప్రశ్న అడగండి." "దానికే వస్తున్నా అధ్యక్షా." అక్కడ మిర్చి యార్డు ఉంది, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, పుణ్యక్షేత్రం ఉంది, ఇన్ని ఉన్నా... "గౌరవ సభ్యులు ప్రశ్న అడగాలి." "ఒకటే ప్రశ్న అధ్యక్షా, మూడు భాగాలు." మొదటి భాగం ఎక్స్‌ప్రెస్ హాల్టు గురించి, రెండోది రైల్వే గేటు దగ్గర అండర్‌బ్రిడ్జి గురించి. మూడోదానికి వచ్చేసరికి మైకు ఆగిపోతుంది. మైకు ఆగిపోయాక ఈయన మాట్లాడిన భాగమే ఎక్కువ ఉద్వేగభరితంగా ఉందని వెనక వరసలో కూర్చున్నవాళ్లు చెబుతారు.

మంత్రి కూడా ఖాళీ చేతులతో రారు. ప్రతి నక్షత్రం ప్రశ్నకూ శాఖ ఒక జవాబు తయారుచేస్తుంది, దానితోపాటు రాగల అనుబంధ ప్రశ్నలన్నిటికీ ఒక నోట్ కూడా ఇస్తుంది. ఆ ఫైలు లావు చూస్తేనే ప్రశ్న ఎంత పదునైనదో తెలుస్తుంది. అధికారులు గ్యాలరీలో కూర్చుని ఉంటారు, అవసరమైతే చీటీలు పంపుతారు. పైన చెప్పిన రైలు ప్రశ్నకైతే చీటీ కూడా అక్కర్లేదు. హాల్టులు కల్పించడం నిరంతర ప్రక్రియ అనీ, ప్రయాణికుల రద్దీ, నిర్వహణ సాధ్యాసాధ్యాలను బట్టి నిర్ణయిస్తామనీ రైల్వే శాఖ జవాబు తరతరాలుగా ఒకటే. ఏ స్టేషన్ పేరు పెట్టినా ఆ జవాబు సరిపోతుంది. పోలీసుల గురించి అడిగితే శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోని అంశం. ఆ సభ్యుడే రాష్ట్ర శాసనసభలో ఉండి అదే బాధ చెప్పుకుంటే కేంద్రం నిధులివ్వాలి. సాధ్యాసాధ్యాలన్న మాటకు తెలుగు రాష్ట్రాలతో ప్రత్యేకమైన అనుబంధం ఉంది. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలులో ఖమ్మం, కడప జిల్లాల ఉక్కు కర్మాగారాల సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. పరిశీలన గురించి అడగడంలోనే కొందరు సభ్యుల పదవీకాలాలు గడిచిపోయాయి.

మంత్రుల నోట "చేస్తాం" అన్న మాట అంత సులువుగా రాకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మంత్రి సభలో అన్న మాటల్లో ఏవి హామీల కిందికి వస్తాయో దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. "పరిశీలిస్తాను", "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" లాంటివి కూడా అందులో చేరతాయి. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పొడిగించమని కమిటీని అడుక్కోవాలి. అంచేత అనుభవమున్న మంత్రి "చూస్తాను" అనడానికి కూడా ముందూ వెనకా చూసుకుంటారు. ఈయనకు ఆ కమిటీ సంగతి తెలుసు. అయితే దానికి ఉత్తరం రాస్తే టీవీలో రాదు.

అధికారపక్షంలో కూర్చున్నప్పుడు ఈ సభ్యుడి ప్రశ్న రూపు కాస్త మారుతుంది. ఇంత గొప్ప పథకం తెచ్చిన మంత్రిగారు, ఆ పథకం ఎంత గొప్పదో సభకు వివరిస్తారా అని అడుగుతారు. మంత్రి వివరిస్తారు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఈయన వంశవృక్షం మాత్రం గౌరవనీయమైనది. మన చట్టసభల్లో ప్రశ్న అడిగే హక్కు 1892 కౌన్సిళ్ల చట్టంతో వచ్చింది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజావారు తొలి ప్రశ్న వేశారు. పర్యటనకొచ్చిన అధికారులకు సరుకులు సమకూర్చే పద్ధతి వల్ల పల్లెటూరి దుకాణదారులు పడుతున్న ఇబ్బందుల గురించి ఆ ప్రశ్న. అందులో శాతవాహనులు లేరు. అనుబంధ ప్రశ్న 1909 సంస్కరణలతో వచ్చింది, అదీ అసలు ప్రశ్న వేసినవారికే. 1919 సంస్కరణల తర్వాత మిగతా సభ్యులకూ ఆ అవకాశం దక్కింది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కేంద్ర శాసనసభలో తెల్లదొరల ప్రభుత్వాన్ని ఎంతగా వేధించారంటే, 1914లో మద్రాసు మీద గుళ్లు కురిపించిన జర్మన్ నౌక పేరు మీద "అసెంబ్లీ ఎండెన్" అన్న బిరుదు వచ్చింది. తర్వాత ఆయనే లోక్‌సభ స్పీకరై, ఇతరుల అనుబంధ ప్రశ్నలను అదుపుచేసే బాధ్యత మోశారు.

ఈయన ఎక్కువగా తలచుకునేది మాత్రం ఫిరోజ్ గాంధీని. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీల్లో సుమారు 1.24 కోట్ల రూపాయల వాటాలు కొన్న వ్యవహారాన్ని ఫిరోజ్ గాంధీ 1957లో సభలో బయటపెట్టారు. ఛాగ్లా కమిషన్ విచారణ జరిగింది, ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. నిలదీసింది అధికారపక్ష సభ్యుడు, పైగా ప్రధాని అల్లుడు. ఆ కథ చెబుతున్నప్పుడు ఈయన గొంతు గంభీరమవుతుంది. అయితే ఫిరోజ్ గాంధీ చేతిలో ఉత్తరప్రత్యుత్తరాలున్నాయి, లెక్కలున్నాయి. జవాబుకు జతచేసిన అనుబంధ పట్టికను చివరి పేజీ దాకా చదివి, మూడో గడిలోని అంకెకూ ఏడో గడిలోని అంకెకూ పొత్తు కుదరడం లేదేమని నెమ్మదిగా అడిగే సభ్యులు ఇప్పటికీ ఉన్నారు. మంత్రులు భయపడేది వాళ్లకే. వాళ్ల గొంతు పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

కుటుంబంలో మచ్చలూ ఉన్నాయి. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను 2005 డిసెంబరు 23న బహిష్కరించారు. ఈయన మీద అలాంటి నింద పడే అవకాశం లేదు. ఎదురు డబ్బిచ్చి అడగమన్నా అడుగుతారు. 2009 నవంబరు 30న ఇంకో విడ్డూరం జరిగింది. ప్రశ్నలిచ్చిన సభ్యులు వరసగా గైర్హాజరవడంతో, స్పీకర్ పేర్లు పిలిచీ పిలిచీ ప్రశ్నోత్తరాల సమయం గడవకముందే ముగించాల్సి వచ్చింది. కోవిడ్ ఏడాది, 2020 వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు. లిఖిత జవాబులు మాత్రం వచ్చాయి. వాటిని ఎత్తి చూపించడానికి కెమెరా లేదు.

అసలైన విషాదం ఇవేవీ కావు. ఎంతో కాలానికి లాటరీలో రెండో నంబరు తగిలిన రోజునే పార్టీ నాయకత్వం వేరే విషయమ్మీద సభను అడ్డుకోవాలని నిర్ణయిస్తుంది. ఈయన ప్లకార్డు పట్టుకుని పోడియం ముందుకు వెళ్లాలి. 11 గంటల 4 నిమిషాలకు సభ వాయిదా పడుతుంది. తన ప్రశ్నను తానే నినాదాలతో ముంచేసిన సభ్యుడు సభ బయట కాఫీ తాగుతూ, ఈ ప్రభుత్వం ప్రశ్నలకు భయపడుతోందని విలేకరులకు చెబుతారు.

సభ నడిచిన రోజైతే 12 దాటగానే రెండో విడత పని మొదలవుతుంది. సంసద్ టీవీ ప్రసారంలోంచి ఈయన లేచినప్పటి నుంచి కూర్చునేదాకా కత్తిరిస్తారు. స్పీకర్ మందలింపులు తీసేస్తారు, మంత్రి జవాబూ తీసేస్తారు. మిగిలిన నిమిషంన్నర వీడియో సాయంత్రానికి నియోజకవర్గంలోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరుతుంది. మర్నాడు జిల్లా పేజీలో "పార్లమెంటులో గళమెత్తిన ఎంపీ" అన్న శీర్షిక. మంత్రి ఏమన్నారో వార్త ఆఖరి వాక్యంలో ఉంటుంది, స్థలం చాలితే.

ఒకసారి జవాబు వచ్చిన ప్రశ్నను మళ్లీ అడగకూడదన్న నియమానికి ఈయన దగ్గర విరుగుడు ఉంది. తదుపరి సమావేశాల్లో రైలు నంబరు మారుస్తారు, ఆ తర్వాతి సమావేశాల్లో రైలు దిశ మారుస్తారు. ఇలా కొన్నేళ్లు సాగాక ఎప్పుడో ఆ ఎక్స్‌ప్రెస్‌కు ప్రయోగాత్మకంగా ఆరు నెలల హాల్టు మంజూరవుతుంది. రైలు రెండు నిమిషాలు ఆగుతుంది. జెండా ఊపడానికి ఎంపీ, ఎమ్మెల్యే, మాజీ ఎంపీ, ఎమ్మెల్సీ ఒకే ప్లాట్‌ఫాం మీద నిలబడతారు, నాలుగు ఫ్లెక్సీల్లోనూ "కృషి ఫలితం" అనే ఉంటుంది. ఆ హడావుడిలో ఎక్కాల్సిన ప్రయాణికులు ఇద్దరు ముగ్గురు దిగబడిపోతారు. పీఏ మాత్రం ఆ రోజే క్యాలెండరు తీసి, ఆరు నెలల గడువు ముగిసే నాటికి సమావేశాలు జరుగుతుంటాయా లేదా అని లెక్కచూసి, హాల్టును శాశ్వతం చేయాలన్న ప్రశ్నకు నోటీసు ఎప్పుడు పెట్టాలో గుర్తు పెట్టుకుంటాడు.