కూలి లేని కూలి శాస్త్రం

మా గోపాలపట్నంలో పొద్దున్నే క్యారేజీ చేత పట్టుకుని నిలబడ్డ అడ్డా కూలీని ఊరికే బండెక్కమంటే ఎక్కడు. పనేంటో, ఎక్కడో, ఎంతిస్తారో ముందు తేలాలి. "పెందుర్తిలో స్లాబు, భోజనం మీదే" అని మేస్త్రీ అంటే, "ఇంకో వంద ఎయ్యి బావూ, ఎండ సూడు" అని బేరం మొదలవుతుంది. సాయంత్రానికి డబ్బు చేతిలో పడకపోతే మర్నాడు ఆ మేస్త్రీ బండి ఖాళీగా పోతుంది. ఈ మాత్రం అర్థశాస్త్రం కూడా తెలియనివాళ్లు పనిచేసుకోవడానికి లోకంలో వేరే చోటుంది. దాన్ని అకడమిక్ జర్నల్ అంటారు.

అందులోనూ కార్మిక అర్థశాస్త్ర జర్నల్ సంగతి మరీ ముచ్చట. కనీస వేతనం, పని గంటలు, యూనియన్ బలం, వివక్ష, బేరమాడే శక్తి, అన్నీ దాని పేజీల్లోనే ఉంటాయి. ఆ పేజీలు తయారయ్యే చోట మాత్రం ఇవేవీ ఉండవు. పేపరు రాసినవాడికి జర్నల్ పైసా ఇవ్వదు సరికదా, కొన్నిచోట్ల పేపరు తీసుకోవడానికే ఫీజు పుచ్చుకుంటారు. ఎడిటర్ ఒక చూపు చూసి, "మా పాఠకులకు అంతగా ఆసక్తి ఉండకపోవచ్చు" అని మర్యాదగా తిప్పి పంపొచ్చు. ఆ గండం గడిస్తే ఇద్దరో ముగ్గురో రిఫరీల దగ్గరికి వెళ్తుంది. రిఫరీ అంటే ఎవరో కాదు, ఇంకో ఊళ్లో ఇంకో ప్రొఫెసరు. కొన్ని జర్నల్స్ ఆయనకి ఏదో ముట్టజెబుతాయి. ఎక్కువవాటికి ఆ దురలవాటు లేదు. పాపం, ఆయన ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని నాలుగు పేజీల నివేదిక రాస్తాడు. అందులో మొదటి అభ్యంతరం: "కార్మికుడి బేరమాడే శక్తిని రచయిత తక్కువ అంచనా వేశారు."

ఇలా దిద్దే పని మీద 2020లో ప్రపంచం మొత్తం మీద 10 కోట్ల గంటలకు పైగా ఖర్చయిందని కొందరు పరిశోధకులు లెక్కగట్టారు. అందులో ఒక్క అమెరికా వాళ్ల సమయానికే వెల కడితే 150 కోట్ల డాలర్లు దాటింది. అంత పని ఊరికే వచ్చిపడుతుంటే వ్యాపారం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? జర్నల్స్ అచ్చువేసే ఎల్సెవియర్ మాతృసంస్థ తన పరిశోధన ప్రచురణల మీద నూటికి 37, 38 లాభం చూపిస్తుంది. ఆ ఎల్సెవియరే 'లేబర్ ఎకనామిక్స్' అనే జర్నల్ కూడా నడుపుతోంది. పేరు పెట్టడంలో మొహమాటం లేదు.

"ఇది సేవ నాయనా, దీన్ని కూలి లెక్కల్లోకి దించకు. జీతం యూనివర్సిటీ ఇస్తోందిగా" అని పెద్దలు కోప్పడతారు. సరే, ఆ లెక్కే చూద్దాం. మన పన్నుల్లోంచి వచ్చే జీతంతో బతికే మాస్టారు రాస్తాడు. అదే జీతంతో బతికే ఇంకో మాస్టారు దిద్దుతాడు. ప్రచురణకర్త దాన్ని ముస్తాబు చేసి, తాళం వేసి, తాళంచెవి మళ్లీ మనకే అమ్ముతాడు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. కాలేజీ పిల్లలకు మంచిదే, కాదనను. అయితే మన వంటింట్లో మన సరుకుతో మనమే వండిన కూరని మనకే ఇంత ధరకి వడ్డించిన హోటలు మరోటి ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుని వస్తాను.

రిఫరీలు కూలి మనుషులేనని ఆర్థికవేత్తలకు తెలియదా అంటే, బాగా తెలుసు. పరిశోధన కూడా చేశారు! 'జర్నల్ ఆఫ్ పబ్లిక్ ఎకనామిక్స్'లో 1,500 మంది రిఫరీల మీద రాజ్ చెట్టి, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేసి 2014లో ఫలితాలు అచ్చువేశారు. కొందరికి ఆరు వారాల గడువు, కొందరికి నాలుగు వారాలు, కొందరికి గడువులోగా ఇస్తే వంద డాలర్లు. మరికొందరికి, "మీరెంత ఆలస్యం చేశారో అందరికీ కనిపించేలా పెడతాం" అని హెచ్చరిక. తేలిందేమిటంటే, గడువు తగ్గిస్తే పని త్వరగా అయింది. డబ్బిస్తే ఇంకా త్వరగా అయింది. ఉద్యోగం పర్మనెంటయిన ప్రొఫెసర్లు మాత్రం గడువుకీ డబ్బుకీ అంతగా కదల్లేదు, పేరు బయటపడుతుందంటే కదిలారు. కూలి ఇస్తే మనిషి పని చేస్తాడని రుజువు చేయడానికి 1,500 మంది పట్టారు. మా మేస్త్రీని అడిగితే టీ తాగేలోపు చెప్పేవాడు.

కార్మిక అర్థశాస్త్రం గొప్పగా చెప్పుకునే విజయాలు కొన్ని ఉన్నాయి. ఆర్కెస్ట్రాలో తెర వెనక కూర్చోబెట్టి వాయింపజేస్తే ఆడవాళ్లకు అవకాశాలు పెరిగాయని గోల్డిన్, రౌస్ 2000లో రాశారు. ఒకే రకం దరఖాస్తు మీద తెల్లవాళ్ల పేరుంటే నల్లవాళ్ల పేరున్నదానికన్నా యాభై శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయని బెర్ట్రాండ్, ముల్లైనాథన్ 2004లో చూపించారు. మన దేశంలో పేరు వెనక కులమూ మతమూ ఉద్యోగాన్ని ఎలా ఆపుతాయో థోరట్, అటెవెల్ 2007లో చూపించారు. మొదటి రెండూ వెలువడింది 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో. ఆ రివ్యూ నడిపే సంఘమే 2011లో తన జర్నల్స్‌లో రచయిత పేరు దాచే పద్ధతి ఎత్తేసింది. ఇంటర్నెట్లో వెతికితే ఎలాగూ దొరికిపోతోందట! తెర ఎంత గొప్పదో లోకానికి చాటి, తమ ఇంట్లో తెర మాత్రం చాకలి పద్దులో వేశారు. పర్యవసానం ఎలా ఉంటుందో 2022లో ఇంకొందరు తేల్చారు. ఒక్కటే పేపరు. కొందరు రిఫరీలకు నోబెల్ గ్రహీత వెర్నన్ స్మిత్ పేరుతో, కొందరికి ఎవరికీ తెలియని కుర్ర పరిశోధకుడి పేరుతో, కొందరికి పేరే లేకుండా పంపారు. కుర్రాడి పేరుంటే 65 శాతం మంది తిరస్కరించమన్నారు. పేరు లేకపోతే 48 శాతం. నోబెల్ ఉంటే 23 శాతం.

ఇక ఊరి పేరు సంగతి. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా అని 1994లో కార్డ్, క్రూగర్ న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు చూసి రాసింది ప్రపంచానికంతటికీ పాఠమైంది. అది గొప్ప పనే. గోపాలపట్నం హోటళ్లలో ప్లేట్లు కడిగేవాళ్ల మీద అంతే జాగ్రత్తగా ఎవరైనా రాస్తే వచ్చే మొదటి ప్రశ్న "దీన్ని మిగతా ప్రపంచానికి ఎలా వర్తింపజేస్తారు?" అని. న్యూజెర్సీని ఆ ప్రశ్న అడిగినవాడు ఎన్నాళ్లు బతికి బట్టకట్టాడో కనుక్కోవాలి. 1985 నుంచి 2005 దాకా ఐదు అగ్ర ఆర్థిక జర్నల్స్‌లో అమెరికా మీద 2,383 పేపర్లు వచ్చాయి, ఇండియా మీద 39. ఇరవై ఏళ్లలో, నూరు కోట్ల మందికి, ముప్పై తొమ్మిది. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడి ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు, జనం నిద్రలోంచి లేచి రోడ్ల మీద పడిపోయారు. ఆ వీధుల్లోవాళ్లు తర్వాత ఏ పనికి వెళ్లారు, ఎంత పని పోగొట్టుకున్నారు అన్నది కార్మిక అర్థశాస్త్రం కాకపోతే మరేమిటి? ఆ సాక్ష్యం ఆ జర్నల్స్ భాషలో ముందు 'షాక్' అనే మాటగా మారాలి. ఆ తర్వాతగానీ దానికి గడప దాటే యోగ్యత రాదు.

పెద్ద గడప దాటలేనివాడి కోసం పక్కవీధిలో చిన్న గుమ్మాలు తెరిచారు. ప్రమోషన్‌కి పాయింట్లు, పీహెచ్‌డీకి పేపరు అని యూజీసీ నియమం పెట్టింది. వెంటనే 'ఇంటర్నేషనల్ జర్నల్'లు పుట్టగొడుగుల్లా లేచాయి. సోమవారం డబ్బు కడితే శుక్రవారానికి అచ్చు. రిఫరీకి కూలి ఇవ్వాలన్న బాధ ఇక్కడా లేదు, ఎందుకంటే రిఫరీయే లేడు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెళ్లింది. రిఫరీలు దిద్దకుండానే పీర్ రివ్యూ జరిగిందని చెప్పుకోవడం, ఒప్పుకోనివాళ్లని కూడా ఎడిటర్లుగా చూపడం, ఫీజు సంగతి చివరిదాకా దాచడం ఆరోపణలు. 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన యూజీసీ కూడా 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నల్స్‌ని ఏరేసింది. తర్వాత కేర్ అని కొత్త జాబితా పెట్టింది, 2025 ఫిబ్రవరిలో అదీ తీసేసింది. చిన్న గుమ్మం దగ్గర కూర్చున్నవాడిని దొంగ అంటున్నాం, సరే. వాడు రచయిత జేబు ఒక్కసారే కొడతాడు. పెద్ద గుమ్మం వాళ్లు రచయిత పని, రిఫరీ పని, పాఠకుడి జేబు, ప్రభుత్వ ఖజానా నాలుగూ సర్దుకుని, ప్రతిష్ఠ అనే రసీదు ఇస్తారు.

ఇదంతా చూస్తుంటే మనవాడు వి.వి.గిరి గుర్తొస్తాడు. మన వాల్తేరు దాకా వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వేలో 1928లో కార్మికుల చేత సమ్మె చేయించినవాడు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం కోసేసిందని 1954లో పదవి వదిలేసినవాడు. 1957లో ఇండియన్ సొసైటీ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్ పుట్టడంలో ఆయన చెయ్యి ఉంది. ఆ సొసైటీ జర్నల్ ఇవాళ స్ప్రింగర్ ద్వారా వెలువడుతోంది. అందులో మంచి పేపర్లున్నాయి, వలస కూలీల మీద, ఉపాధి హామీ మీద. తాళం వేసిన పేపరు విడిగా కొనుక్కోవాలంటే దగ్గరదగ్గర నలభై డాలర్లు, అంటే 3,400 రూపాయల పైమాట. "అందరికీ ఉచితంగా పెట్టండి బాబూ" అని రచయిత బతిమాలితే, ఆ ఖర్చు రచయితే భరించాలి, అది వేల డాలర్లలో ఉంటుంది.

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు ఉండేది. ఆ లెక్కన శ్రీకాకుళం జిల్లాలో మట్టి తవ్వే మనిషి, తన గురించి ఏం రాశారో చూద్దామని ఒక్క పేపరు కొనాలంటే పన్నెండు రోజులు తవ్వాలి. అప్పటి చట్టం రాసిన వంద రోజులూ పని దొరికిందే అనుకుందాం. ఎనిమిది పేపర్లు వస్తాయి. మిగిలిన నాలుగు రోజుల కూలితో ఆ ఏడాదికి బియ్యం కొనుక్కోవచ్చు.