ఒక్క వరుడి స్వయంవరం

పూర్వం రాజులు కూతురికి స్వయంవరం చాటించి దేశదేశాల రాకుమారుల్ని పిలిచేవారట. మన ఇంజనీరింగ్ కాలేజీలు అంత దుబారా చేయవు. మండపం వేస్తాయి, చేతికి దండ ఇస్తాయి, ఎదురుగా ఒకే ఒక్క వరుణ్ణి కూర్చోబెడతాయి. ఈ వేడుక పేరు ఓపెన్ ఎలక్టివ్, అంటే విద్యార్థి తన శాఖ బయట నుంచి ఎంచుకునే పేపరు. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు. అందులో ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లకు 18, ఓపెన్ ఎలక్టివ్‌లకు మరో 18. అంటే కాగితం మీద డిగ్రీలో ఐదో వంతుకు పైగా విద్యార్థి ఇష్టమే. ఆచరణలో ఈ ఇష్టం రాత్రి పదిన్నరకు వాట్సాప్ గ్రూపులో క్లాసు ప్రతినిధి (సీఆర్) పంపే గూగుల్ ఫారం రూపంలో దర్శనమిస్తుంది. రేపు పొద్దున పదికల్లా నింపాలి. లిస్టులో నాలుగు పేర్లుంటాయి. రెండింటికి చెప్పేవాళ్లు లేరు, మూడోదానికి తగినంత మంది రాలేదు. మర్నాటికల్లా మెకానికల్ సెక్షన్ మొత్తం ముక్తకంఠంతో విపత్తు నిర్వహణను కోరుకున్నట్టు నోటీసు పడుతుంది. పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వం నజరానా అయినా ఇస్తుంది, వీళ్లకు అదీ లేదు.

మామూలు డిగ్రీ వాళ్లు తప్పించుకున్నారనుకోవద్దు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. మేజర్‌కు 60, మైనర్‌కు 24, బహుళ శాస్త్రాలకు 9, భాషా సామర్థ్యానికి 8, నైపుణ్యానికి 9. విలువలకు 6 నుంచి 8 (మనిషికి ఎన్ని విలువలు అవసరమో ఎవరో లెక్క కట్టారన్నమాట). ఈ సరుకంతటికీ తూకంరాయి గంట. పదిహేను గంటల పాఠం ఒక క్రెడిట్, మూడు క్రెడిట్ల పేపరంటే 45 గంటలు. ఆ గంటల్లో ఏం జరిగిందన్నది తూకానికి సంబంధం లేని సంగతి. నిరుటి పీపీటీ చదివి వినిపించినా, యూనిట్‌కు నాలుగు ముఖ్యమైన ప్రశ్నలు చెప్పి, మిగతాది జిరాక్సు షాపులో దొరికే ఆల్ ఇన్ వన్‌కు వదిలేసినా, క్రెడిట్ మాత్రం గ్రాము తగ్గకుండా జమవుతుంది.

ఇంజనీరుకు నాలుగు విషయాలూ తెలియొద్దా అని పెద్దలు అడుగుతారు. తెలియాలి. మెకానికల్ కుర్రాడు ఆర్థికశాస్త్రం చదవాలి, కంప్యూటర్స్ అమ్మాయి తెలుగు కథ చదవాలి. అవసరమైతే బలవంతంగానైనా చదివించండి, నాకు అభ్యంతరం లేదు. నా పేచీ బలవంతాన్ని ఇష్టమని పిలవడంతోనే. తప్పనిసరి పేపరైతే దాని మంచిచెడ్డలకు ఎవరో ఒకరు జవాబుదారీ. అధ్యాపకుణ్ణి వేయాలి, సిలబస్‌ను సమర్థించుకోవాలి, పిల్లలు తప్పితే సంజాయిషీ ఇవ్వాలి. అదే పేపరు మీద ఎలక్టివ్ అని ముద్ర పడగానే ఆ బరువంతా విద్యార్థి నెత్తికి మారుతుంది. పాఠం బాగాలేదంటే ‘నువ్వే కదా ఎంచుకున్నావ్’ అన్న ఒక్క మాటతో హెచ్‌వోడీ గది తలుపు మూసుకుంటుంది. ఎలక్టివ్ వల్ల కాలేజీకి దక్కే అసలు లాభం ఇదే.

నిజంగా స్వేచ్ఛ ఇస్తే తేలిక పేపర్ల మీదే పడతారు కదా అన్నది రెండో వాదన. అబద్ధమేమీ కాదు, మన పిల్లలు కనిపెట్టిందీ కాదు. హార్వర్డ్‌లో 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ తప్పనిసరి పేపర్లను ఒక్కొక్కటిగా ఎత్తేసి, ఇంచుమించు అన్నిటినీ విద్యార్థి ఇష్టానికి వదిలేశాడు. తేలిక పేపర్ల వేట అక్కడా సాగింది. ఆయన తర్వాత 1909లో వచ్చిన లోవెల్ పగ్గాలు బిగించాడు. కానీ అక్కడ ముందు సరుకు పెట్టి, ఆ తర్వాత ఆంక్ష పెట్టారు. మన దగ్గర సరుకే లేదు. పైగా ఉద్యోగాలివ్వడానికి క్యాంపస్‌కు వచ్చే కంపెనీ ముందు సీజీపీఏ చూస్తుందని తెలిసిన పిల్లవాడు మార్కులు పడే పేపరు వెతుక్కుంటే అది బద్ధకం కాదు, లెక్క తెలిసినతనం.

చిన్న కాలేజీకి అంతమంది లెక్చరర్లు ఎక్కణ్ణుంచి వస్తారన్నది మూడోది, అన్నిటికన్నా నిజాయితీ ఉన్నది. దీనికి జవాబు ప్రభుత్వమే ఇచ్చింది. 2017 నుంచి ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక నడుస్తోంది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సుల్ని దాని ద్వారా చదివించవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. దారి రూల్లో ఉంది. టైమ్‌టేబుల్లో దానికి ఒక పీరియడ్, ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ కేటాయిస్తే వరుల సంఖ్య పెరుగుతుంది.

అంతవరకు విశ్వవిద్యాలయాలకు ఒక్క విన్నపం. మార్కుల మెమోలో ఎలక్టివ్ పేరు పక్కన ఇంకో గడి గీయండి. అందులో ‘విద్యార్థి కోరినది’ అనో ‘కాలేజీ ఇచ్చినది’ అనో రాసి, కింద ప్రిన్సిపాల్ సంతకం పెట్టించండి.