నరం నాది, వైద్యం ఊరిది

మా కడప జిల్లాలో జ్వరమొస్తే మనిషి డాక్టరు దగ్గరికి పోతాడు. నడుము పట్టుకుంటే మాత్రం వైద్యులే ఇంటికొస్తారు. వాళ్ళకు డిగ్రీలుండవు, బంధుత్వాలుంటాయి. ఫీజు తీసుకోరు. కాఫీ తాగి, భోంచేసి, "నేను చెప్పింది చెయ్, రేపు పొద్దున్నే పరిగెత్తకపోతే నన్నడుగు" అని హామీ ఇచ్చి పోతారు. మరుసటి రోజు అడుగుదామంటే కనపడరు. నాకు ప్రొద్దుటూరులో ఇల్లు, జమ్మలమడుగులో అక్క, పులివెందులలో అత్తగారిల్లు. అందువల్ల నా ఒక్క నరానికి మూడు ఊళ్ళ వైద్యం జరిగింది.

జబ్బు పేరు సయాటికా. నడుములో మొదలై, పిరుదు వెనకగా దిగి, తొడా పిక్కా దాటి కాలివేళ్ళ దాకా జివ్వుమని లాగే నొప్పి. ఒంట్లో అన్నిటికంటే లావు నరం ఇదేనట. నాలో లావైంది పొట్ట ఒక్కటే అనుకుంటుంటి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు పక్కకు జరిగి ఆ నరం వేరును నొక్కడమే ఎక్కువమందికి కారణం. ఈ సంగతిని అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో తేల్చి రాసినారు. నా విషయంలో మా ఆవిడకు స్కానింగు కూడా అక్కర్లేకపోయింది. "పొద్దస్తమానం కూచోడమే రోగం" అని గుమ్మంలో నిలబడే తేల్చేసింది.

ఏం చేసేది, కూచోవడమే నా ఉద్యోగం. బంగారం, బట్టల వ్యాపారంతో రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊళ్ళో ఒక బట్టలంగట్లో లెక్కలు రాస్తాను. తెల్లటి పరుపు, ముందర చిన్న డెస్కు. బాసింపట్టు వేసుకుని కూచున్నానంటే మధ్యాహ్నం భోజనానికే లేచేది. దానికి తోడు వెనక జేబులో పర్సు. క్రెడిట్ కార్డులతో ఉబ్బిన పర్సు మీద కూచుంటే సయాటికా వస్తుందని 1978లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక డాక్టరు రాసినాడట. అది విని నాకు కొంచెం గర్వమేసింది, మనదీ డబ్బున్నోళ్ళ జబ్బే కదా అని. మా ఆవిడ ఆ పర్సు లాక్కుని మంచం మీద కుమ్మరించింది. పాత కరెంటు బిల్లులు, చీటీ రసీదులు, ఎప్పుడో చూసిన సినిమాల టికెట్లు, తిరుపతి లడ్డు టోకెను. "డబ్బు తప్ప అన్నీ ఉండాయే! కాయితాల మీద కూచుని కాలు పోగొట్టుకున్న మొగోణ్ణి మిమ్మల్నే చూస్తి" అనింది.

ఇంక నా నడక. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు శివతాండవం రాసింది మా ఊరి అగస్త్యేశ్వరాలయంలోనే అని ప్రొద్దుటూరంతా చెప్పుకుంటుంది. ఆ గుడి వీధిలో నేను ఎడమ కాలు ఈడుస్తూ, కుడి చెయ్యి నడుము మీద పెట్టి, మూడడుగులకొకసారి "అబ్బా" అని ఆగుతూ పోతుంటే, టీ అంగడి దగ్గర నిలబడినోళ్ళు పక్కకు జరిగి దారిచ్చేవాళ్ళు. భక్తి అనుకున్నారో, పొద్దున్నే తాగొచ్చినాడు అనుకున్నారో, నేను అడగలేదు.

మొట్టమొదటి వైద్యం నేనే కనిపెట్టినాను. పడుకోవడం. "డాక్టరు కదలొద్దన్నాడు" అని ఇంట్లో ప్రకటించినాను. ఏ డాక్టరో మాత్రం చెప్పలేదు. మంచం పక్కన నీళ్ళ చెంబు, టీవీ రిమోటు, ఉగ్గాని ప్లేటు. గ్యాస్ సిలిండరు జరపడం, కరెంటు బిల్లు కట్టడం, చుట్టాలను బస్టాండులో దింపడం, అన్నీ మాఫీ. ఈ స్వర్గాన్ని పాడు చేసింది ఇంజినీరింగు చదివే మా కూతురు. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు వారాలు మంచానికే అంటి ఉండమన్నారట, రెండో జట్టును ఓపినంత మేర తిరగమన్నారట. 1999లో అచ్చైన ఫలితం ఏమంటే, పడుకున్నోళ్ళకు అదనంగా ఒరిగింది ఏమీ లేదు. ఫోనులో అది వాళ్ళమ్మకు చదివి వినిపించింది నా కన్నబిడ్డ. సాయంత్రానికి సంచీ నా చేతికొచ్చింది. "బరువులు మొయ్యొద్దులే, కొత్తిమీర కట్ట తెండి చాలు" అని మా ఆవిడ దయ చూపింది.

ఈ వార్త జమ్మలమడుగు చేరింది. "రేయ్ అబ్బోడా, మందులూ మాకులూ ఏం వద్దు, నా దగ్గరికి రా" అని అక్క ఫోను. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దగ్గరే, కానీ బస్సులో వెనక సీటు దొరికినోడికి దూరం. అక్క వైద్యం మూడు పూటల వైద్యం. పొద్దున వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్ళ స్నానం. మధ్యాహ్నం నడుముకు ఆముదం పూసి, జిల్లేడాకు వెచ్చజేసి కాపడం. సాయంత్రం పారిజాతం ఆకుల కషాయం. ఇవి అక్క సొంత కల్పనలేం కావు. వావిలిని ఆయుర్వేదం నిర్గుండి అని వాతనొప్పులకు వాడుతుంది, ఆముదం వాతానికి పాత మందు, పారిజాతం ఆకుల కషాయం సరిగ్గా ఈ జబ్బుకే చెప్పింది. వేడి తగిలితే బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది, ఆ కాసేపూ ప్రాణానికి హాయి. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడితే చూపుకే ముప్పు, చెయ్యి కడుక్కోకుండా కన్ను నలపకూడదు. కషాయం మాటకొస్తే, పారిజాతం పువ్వుకు అంత వాసన ఇచ్చిన దేవుడు ఆకుకు ఇంత చేదు ఎందుకు పెట్టినాడో నాకు అర్థం కాలేదు. "మొహం అట్ల పెట్టొద్దురా, ఆముదం నడుముకే పూసినా, నోట్లో పొయ్యలేదు" అనింది అక్క.

అక్క ఊళ్ళోనే నూరేళ్ళు దాటిన క్యాంబెల్ మిషన్ ఆస్పత్రి ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు డాక్టరీ చదివొచ్చి మొదట్లో కొన్నాళ్ళు పనిచేసింది ఆ మిషన్ ఆస్పత్రిలోనే. తర్వాత 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి గారి పేరు మీద 70 పడకల ఆస్పత్రి పెట్టినారు. అంటే మా అక్క ఊరి నుంచి మా అత్తగారి ఊరికి వైద్య చరిత్రలోనే ఒక దారి ఉంది. నేనూ ఆ దారినే పోయినాను, కాకపోతే రెండు ఊళ్ళలోనూ ఆస్పత్రి దిక్కు తలతిప్పకుండా.

పులివెందులలో మా మామకు చీనీ తోట, అరటి తోట ఉన్నాయి. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, నిప్పు. "అల్లుడా, వాతానికి వాతే మందు. కొడవలి కొన ఎర్రగా కాల్చి మడమ పైన ఒకటి పెడితే మళ్ళీ జన్మలో రాదు." ఈ మాటకూ శాస్త్రంలో ఆధారం ఉందనేదే నా భయం. ఈ జబ్బుకు ఆయుర్వేదంలో చరకుడు అగ్నికర్మ, అంటే కాల్చి వాత పెట్టడం, చెప్పినాడు. అయితే చదువుకున్న వైద్యుడి చేతిలో శలాక వేరు, మామ చేతిలో కొడవలి వేరు. పైగా నాకు షుగరుంది, కాలి మీద పుండు పడితే మానడం కష్టం. ఈ మాట మామకు నెమ్మదిగా చెప్పాలనుకున్నాను గానీ, ఆయన పొయ్యి వైపు చూసేసరికి కాలు తనంతట తానే కదిలింది. అంత నొప్పిలోనూ తోట గట్టు దాకా పరిగెత్తినాను. "చూస్తివా, చూపిస్తేనే పనిచేసింది" అన్నాడు మామ.

బామ్మర్ది మెత్తటోడు. "బావా, మా నాయన మాట వదిలెయ్, ఇది మింగు" అని పేపరులో మడిచిన పొడి పొట్లం ఇచ్చినాడు. పేరు లేదు, ఊరు లేదు. "అంతా వనమూలికలే" అన్నాడు. మింగిన సాయంత్రానికి నొప్పి మాయం. రాగి సంగటి, నాటుకోడి పులుసు రెండు విడతలు లాగించి, తోటంతా తిరిగొచ్చినాను. పూటపూటా అదే పొడి మింగుతూ ఊరికి తిరిగొచ్చేసరికి మొహం ఉబ్బింది, షుగరు ఎక్కడికో ఎక్కింది.

అప్పుడు గాని ప్రొద్దుటూరులో చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికి పోలేదు. ఆయన పొట్లం చూసి నవ్వలేదు. "పేరూ తయారీ తేదీ లేని పొడి ఇంత తొందరగా పనిచేసిందంటే దాంట్లో స్టెరాయిడ్ కలిపినారేమో అని అనుమానించాలయ్యా. ఆకులు గంటల్లో అద్భుతాలు చెయ్యవు" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పినాడు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల అంగళ్ళలో అమ్మే 70 ఆయుర్వేద మందులు తెచ్చి పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడిందని 2004లో అచ్చయిందట. తన వైద్యం గురించి తానే ఇట్లాంటి మాట చెప్పే మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

ముందు స్కానింగు తీయించి, షుగరు డాక్టరుకు చూపించి, నేను మింగే మందులన్నీ కాయితం మీద రాయించుకున్నాడు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తినాడు. సగం ఎత్తకముందే నేను కులదైవాన్ని తలుచుకున్నాను. "గృధ్రసి" అన్నాడు, సయాటికాకు ఆయుర్వేదంలో పేరు అదే. చరకుడు వాతం వల్లనే పుట్టే జబ్బులు 80 లెక్కపెట్టినాడట, అందులో ఇదొకటి. ఉత్త వాతమైతే పోటూ బిగువూ ఉంటాయి, కఫం కూడా కలిస్తే బరువు, మగత, అన్నం సయించకపోవడం తోడవుతాయి. "మగత శానా ఉండాది సార్, పని చెప్తే ఇంకా ఎక్కువ. కఫం కూడా రాసుకోండి" అనింది మా ఆవిడ.

రాస్నాసప్తక కషాయం, యోగరాజ గుగ్గులు, పైపూతకు మహానారాయణ తైలం రాసిచ్చినాడు. వాటితోపాటు కటివస్తి. బోర్లా పడుకోబెట్టి, మినప్పిండి ముద్దతో నడుము మీద గుండ్రంగా గట్టు కట్టి, గోరువెచ్చటి తైలం పోసి, చల్లారినప్పుడల్లా మార్చి మళ్ళీ పోస్తారు. అరగంట కదలకూడదు. చూడ్డానికొచ్చిన మా ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయి, "చిల్లు సరిగ్గా పడింది గానీ, ఇంత పెద్ద వడ ఏ బాండలిలో పడుతుంది సార్?" అని అడిగింది. నవ్వు ఆపుకోలేక నేను కదిలినాను. తైలం పరుపు పాలైంది. నిజం చెప్పాలంటే, ఆ వెచ్చదనానికి నడుము వదులై, శానా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది. వాతానికి అసలు మందు వస్తికర్మ అని, అంటే తైలమూ కషాయమూ ఎనిమాగా ఇవ్వడమని, డాక్టరు వివరంగా చెప్పినప్పుడు మాత్రం నాకు సగం నొప్పి అక్కడికక్కడే తగ్గింది.

నెమ్మదిగా నడక పెంచమన్నాడు, గంటకోసారి పరుపు మీది నుంచి లేవమన్నాడు, వ్యాయామాలు నేర్పేవాళ్ళ దగ్గరే నేర్చుకోమన్నాడు. చేసినాను, సగం సగంగా. తగ్గింది. ఎట్లా తగ్గిందన్నదే గొడవ.

దసరాకు అమ్మవారిశాల ఉత్సవం చూడాలని అందరూ మా ఇంటికే దిగినారు. వావిలాకే పనిచేసిందని అక్క. నిప్పు చూపించినందుకే నరం దారికొచ్చిందని మామ. మొహం వాచిన సంగతి మరిచిపోయి పొడి గొప్పతనం చెప్పే బామ్మర్ది. "నా తిట్లు లేకుంటే మీ మందులు పనిచేసేవా" అని మా ఆవిడ. నాదే ఘనత అనని మనిషి ఆ డాక్టరు ఒక్కడే. "చాలామందికి వారాల్లో, నెలల్లో తనంతట తానే తగ్గే జబ్బు ఇది. జరిగిన డిస్కు ముక్కను చాలాసార్లు ఒళ్ళే కరిగించుకుంటుంది. అంతదాకా నొప్పి ఓర్చుకునేట్టు చేయడమే నా పని" అన్నాడు. దానికీ లెక్క ఉంది. నెదర్లాండ్స్‌లోనే 283 మందితో చేసిన పరిశీలన 2007లో వచ్చింది. తొందరగా ఆపరేషన్ చేయించుకున్నోళ్ళకు నొప్పి ముందుగా తగ్గింది. ఆగి చూసినోళ్ళలో కొందరికి మధ్యలో ఆపరేషన్ తప్పలేదు. కానీ ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నారు. కాబట్టి తగ్గే రోజుకు ఎవరి మందు చేతిలో ఉంటే వాళ్ళకే పేరు. అక్కకు పట్టుచీర పెట్టినాను, మామకు పంచెల చాపు. అసలు వైద్యం చేసిన కాలానికి ఎవరూ ఏమీ పెట్టలేదు.

ఈ నొప్పి మీకూ ఉంటే నా మాట వినండి. ఆకు కాపడం పెట్టుకోండి, తైలం రాయించుకోండి, ఓపినంత నడవండి, చదువుకున్న వైద్యుడి చేతి కషాయం తాగండి. పేరు లేని పొడి వద్దు, నిప్పు అసలే వద్దు. పాదం పైకి లేవకపోయినా, కూచునే చోట తిమ్మిరెక్కి స్పర్శ పోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, మలమూత్రాలు అదుపు తప్పినా అక్కనూ మామనూ అడగొద్దు. తెల్లారేదాకా ఆగకుండా పెద్దాస్పత్రికి పొండి. ఆలస్యమైతే ఆ నరం మళ్ళీ కోలుకోకపోవచ్చు.