కోతులు దొరికారు, రాముడే దొరకలేదు

మా మనవళ్ళ బడికి ఏప్రిల్ నెలాఖరున తాళం పడితే మళ్ళీ తీసేది జూన్ 12న. ఈ నడుమ రోజులన్నిటికీ మా కోడలు ఒక టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించింది. పొద్దున ఆరింటికి సూర్య నమస్కారాలు, ఏడు నుంచి ఏడున్నర దాకా భక్తి, తర్వాత నీతికథ, బొమ్మలు గీయడం, మాపటికి శ్లోకాలు. పైన పెద్దక్షరాలతో ‘ఫోన్ బంద్, టీవీ బంద్’. ఆలోచన మంచిదే, కాదనను. కానీ ట్యూషన్ సారుకు గంట, దేవుడికి అరగంటా?

మాది పాలకుర్తి దగ్గర పల్లె. మా రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే ఊళ్ళో చిరుతల రామాయణం మొదలయ్యేది. పంట ఇంటికొచ్చాక మళ్ళీ మిరుగు (మృగశిర కార్తె) దాకా రైతుకు కాస్త తీరిక. పక్క ఊరి నుంచి ఆట నేర్పే పంతులును మాట్లాడుకొచ్చేవాళ్ళు. ఆయనకు రోజుకో ఇంట్లో బువ్వ. రాత్రి తిండ్లు అయ్యాక హనుమాండ్ల గుడి ముందు గ్యాసులైటు వెలిగేది. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో చిరుతలు. ఏమీ లేదు, ఇత్తడి బిళ్ళలు బిగించిన చెక్కలు. పదిమంది ఒక్క అడుగు మీద కొడితే మాత్రం ఊరవతలకు వినపడేది. అందరూ గుండ్రంగా తిరుగుతుంటారు. ఎవరి వేషం వస్తే వాళ్ళు నడుమకొచ్చి పాడతారు, మిగతావాళ్ళు వంత.

పిల్లలం వానరసేన. మాకు మాటల్లేవు, ఎగరడమే. అయినా మేం లేనిది ఆట లేదు. వారధి కట్టే రాత్రి ఒక్క కోతి తగ్గినా పంతులు ఇంటికి మనిషిని తోలేవాడు. వెనక వరుసలో నిలబడి నిలబడి రాముడి పాటలే కాదు, రావణుడివి కూడా నోటికొచ్చేశాయి. పిల్లలకు భక్తి నేర్పుదామని ఎవరూ కూర్చోబెట్టలేదు. పెద్దల ఆటకు మేం అక్కరకొచ్చాం, అంతే. పట్టాభిషేకం నాడు కట్నాలు చదివించేవాళ్ళు. ఫలానా ఇంటివాళ్ళు రామునికి ఇంత, సీతమ్మకు ఇంత అని గట్టిగా. ఒకసారి మా అవ్వ లేచి ‘కోతులకు అర్ధరూపాయి’ అంది. ఇప్పటి పిల్లలకిచ్చే సర్టిఫికెట్లు నాకు దాని ముందు ఆనవు.

ఆ అవ్వకు అక్షరం ముక్క రాదు. పోతన పుట్టిన బమ్మెర మాకు కూతవేటు దూరం కాబట్టో ఏమో, గజేంద్ర మోక్షం పద్యాలు మాత్రం చేటతో బియ్యం చెరుగుతూ చదివేది. మేం వెంట చదవాలి. తప్పు పోతే తిట్టేది కాదు, చేట ఆపేది. చప్పుడు ఆగిందంటే ఎక్కడో దీర్ఘం మింగేశామని లెక్క.

అట్లని ఆ రోజులన్నీ బంగారమని బొంకను. ఆడపిల్లలు చిరుతలు పట్టేది లేదు, సీత కూడా మీసం గీకిన మగాడే. మాదిగవాడ పిల్లలు దూరంగా నిలబడి చూసేవాళ్ళు. కులం చూడని భక్తుల కథలతో బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుని గడ్డ మీదనే ఈ ముచ్చట! ఆ మాదిగలనే ఆశ్రయించుకున్న చిందోళ్ళు వచ్చి యక్షగానం కడితే మాత్రం తెల్లారేదాకా ఊరంతా కదలకుండా చూసేది. మా జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు నాకు ఆ దూరంగా నిలబడ్డ పిల్లలే యాదికొచ్చారు.

సెలవుల్లో పిల్లలను ఒకచోట చేర్చే తావులు ఇప్పుడూ ఉన్నాయి. మా బిడ్డ ఉండేది మానుకోటలో. వాళ్ళ పక్కింటివాళ్ళు మే నెలలో పిల్లలను డోర్నకల్ వైపు అమ్మమ్మ ఊరికి పంపుతారు, అక్కడ చర్చిలో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) కోసం. డోర్నకల్ పెద్ద చర్చిని చూడాల్సిందే. బిషప్ అజరయ్య దాన్ని గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక కలిపి కట్టించాడు, 1939లో ప్రతిష్ఠ జరిగింది. ఈ వీబీఎస్ పుట్టుకా తమాషాగానే ఉంటుంది. 1898లో న్యూయార్క్‌లో ఒకావిడ వీధుల్లో తిరిగే పిల్లల కోసం బీరు దుకాణం అద్దెకు తీసుకుని వేసవి బడి పెట్టిందట. పాట, అభినయం, కంఠత వాక్యాలు, ఆఖరు రోజున పిల్లల ఊరేగింపు. మసీదుల్లోనూ సెలవుల్లో పిల్లలకు అరబ్బీ అక్షరాలు దిద్దిస్తారు. ఏ మతమైనా పదిమంది పిల్లలు ఒకచోట చేరతారు చూశారా, అది నాకు నచ్చుతుంది. మా ఇంట్లోనేమో ఇద్దరు పిల్లలు, ఒక కాగితం.

పైగా ఫోన్ బంద్ అన్నవాళ్ళే శ్లోకం యూట్యూబ్‌లో పెట్టి నేర్పిస్తారు. అప్పజెప్పగానే వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో వేస్తారు. పిల్లవాడు దండం పెట్టేటప్పుడు చూసేది దేవుడి పటం వైపు కాదు, తల్లి చేతిలోని ఫోన్ వైపు. తండ్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టాలో ఆ టైంటేబుల్‌లో ఎక్కడా లేదు.

నేను సింగరేణిలో చేసి భూపాలపల్లిలో రిటైరయ్యాను. 2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగితే, తెలిసిన తోవే కదా అని పిల్లలను తీసుకుపోయాను. మూడు మునకలకు ముప్పై సెల్ఫీలు దిగే జనం. అది వదిలేయండి. గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముక్తేశ్వర లింగానికి రంధ్రాలుంటాయి, అందులో పోసిన నీళ్ళు గోదావరి, ప్రాణహిత కలిసేచోట తేలతాయని నమ్మకం. పెద్దోడు చెంబు ఒంచి, చెవి దగ్గర పెట్టుకున్నట్టు వంగి విన్నాడు. ‘తాతా, ఎటు పోతున్నయ్?’ అన్నాడు. ‘సంగమంల కలుస్తయంటరు.’ ‘మరి సరస్వతి ఏది?’ ‘అది కనపడదు బిడ్డా, కిందికెళ్ళి పారుతది.’ ఇక వాడు ఆగలేదు. ఎండకు ఇసుక కాలుతున్నా సంగమం దాకా నన్ను గుంజుకుపోయి, మనం పోసిన నీళ్ళేవి, కనపడని నీళ్ళేవి అని వెతికాడు. యముడికి శివుడి పక్కన చోటెట్లా దొరికిందో బస్సులో జనగామ దాకా చెప్పించుకున్నాడు. ఫోన్ ఊసే లేదు.

మా ఊళ్ళో చిరుతల ఆట తెలిసిన ముసలాయన ఇంకా ఒక్కడు మిగిలాడు. ఈ ఎండాకాలం పిల్లలకు నేర్పమని పోయి అడిగాను. ఆడపిల్లలూ వస్తారు, అన్ని వాడలవాళ్ళూ వస్తారు అన్నాను. ‘రానియ్యి, నాకేం’ అన్నాడు. ఆయన షరతు ఒక్కటే. ‘రాముడు, రావణుడు, దశరథుడు పెద్దోళ్ళే కట్టాలె. పోరగాండ్లు కోతులే. పిల్లల్ని నా మీద ఇడిసి పోతమంటే కుదరదు.’

కోతులకు కొదవ లేదు, వాడవాడల నుంచి పేర్లిచ్చారు. రాముడే ఇంకా దొరకలేదు. మా కొడుకును అడిగితే, ‘రాత్రిళ్ళు ఆఫీసు కాల్స్ ఉంటయి నాయినా, దశరథుడైతే చూస్త, తొందరగ సచ్చిపోతడు కదా’ అన్నాడు.