చీటీ ఊడిన సీసా

నేను పుట్టింది కూల్‌డ్రింకు కోసం. మదురై మాట్టుతావణి బస్టాండులో ఎవరో తాగేసి బెంచీ కింద పడేస్తే, పాతసామాన్లవాడి గోతాంలోకి చేరాను. నా చీటీ పీకేసి, కడిగి, ఆసిడ్ నింపారు. ఆసిడ్, ఫినాయిల్ అని కేకేసుకుంటూ సైకిలు మీద తిరిగే మనిషి నన్ను ఒక బడికి అమ్మాడు. చూడ్డానికి అప్పటికీ కూల్‌డ్రింకు సీసానే.

2013 జులై 18న సుప్రీంకోర్టు, ఆసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో చెప్పింది: ఆసిడ్ అమ్మినవాడు కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు, ఆసిడ్ ఉంచుకునే విద్యాసంస్థలు వాడకం రిజిస్టరు పెట్టాలి, దాని భద్రతకు ఒకరు జవాబుదారీ కావాలి. సైకిలు మనిషి దగ్గర పుస్తకమూ లేదు, పెన్నూ లేదు. ఆ తీర్పుకు రెండు రోజుల ముందే బీహార్‌లో ఛప్రా దగ్గర బడిభోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తేలింది. అనుమానమంతా పురుగుమందు డబ్బాలో నూనె పోశారన్నదాని మీదే. అది డబ్బా కథ, అంటే మా కులం కథే.

మా బడి ఆయమ్మది నాయకరాజుల కాలంలో దిగిన తెలుగు కుటుంబం. మాట తెలుగు, చదువు తమిళం. ఒకరోజు మరుగుదొడ్డిలో నన్ను ఒంచి, కడక్కుండానే పైన బ్లీచింగ్ పౌడర్ చల్లింది, ఇంకా తెల్లబడుతుందని. గుప్పున లేచింది క్లోరిన్. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువు మీదికి వదిలిన వాయువు ఇదే. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారునే పరుచుకుంటుంది. ముందు దొరికేది పొట్టివాళ్లే.

గుమ్మం దగ్గర ఒక పిల్ల దగ్గుతూ, "అవ్వా, కండ్లు మండతావుండాయి" అంది.

"లోనికి రాబాకమ్మా!" అంటూ ఆయమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పిల్లను రెక్కపట్టి కుళాయి దాకా లాక్కుపోయింది. కళ్లు చాలాసేపు కడిగించింది. సైన్సు టీచరు వచ్చి తలుపులన్నీ బార్లా తీయించింది. ఆ సాయంత్రమే బ్లీచింగ్ సంచి వేరే గదికి మారింది. నాకు తమిళంలో చీటీ, పక్కన ఎర్రరంగు పుర్రెబొమ్మ వచ్చాయి. బొమ్మ టీచరు గీసింది. పుర్రె కాస్త నవ్వుతున్నట్టుంటుంది, అది వేరే సంగతి.

మళ్లీ సైకిలు వచ్చినప్పుడు ఆయమ్మ తెగేసి చెప్పింది: "కూల్‌డ్రింకు సీసాలో వద్దు. ఆసిడ్ క్యాన్‌లోనే తే, పేరు రాసుండాల."

"ఐదు రూపాయలు ఎక్కువవుతుందక్కా" అన్నాడతను.

ఆ ఐదు రూపాయలు ఏ ఖాతాలో రాయాలన్నది ఆఫీసు గదిలో ఇంకా తేలలేదు.